పడవ ముడి

ఇంగ్లీషులో కూర్మయ్యకు వచ్చిన మాటలు నాలుగైతే అందులో నచ్చింది ఒక్కటే: టైట్. వల కట్టినా టైటే, పంచె కట్టినా టైటే. భోగాపురం దగ్గర ముప్పై ఏళ్లు చేపలవేట చేసిన మనిషి, వదులుగా ఉన్నదేదీ నమ్మడు. ఆ రోజు పదకొండు గంటలలోపు విజయనగరం ఆఫీసులో కూతురు ఝాన్సీ టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించాలి. ఆలస్యమైతే ఉద్యోగం వేరేవాళ్లకు పోతుంది. కాగితాలు తడవకుండా ఝాన్సీ వాటిని రేకుపెట్టెలో పెట్టి తయారవడానికి వెళ్లింది. గొళ్లెం విరిగిన పెట్టె కాబట్టి కూర్మయ్య పడవ తాడు తెచ్చి ముడి వేయడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, ఆ పెట్టెలో..." అంటూ భార్య కూర్మమ్మ ఏదో చెప్పబోయింది.

"నువ్వూరుకోయే! తాడు టైట్‌గా పట్టుకో."

ఆవిడ పట్టుకుంది.

ముగ్గురూ ఎక్కిన బస్సులో కాలు పెట్టే చోటు లేక పెట్టెను బస్సు టాపు మీదికెక్కించారు. దారిలో వాన దంచేసింది. పడవ ముడి తడిసేకొద్దీ బిగుస్తుంది. సముద్రంలో ప్రాణాలు కాపాడే ఆ గుణమే ఆఫీసు వరండాలో ప్రాణాలు తోడేసింది. కూర్మయ్య లాగాడు, ఝాన్సీ పళ్లతో కొరికింది, ప్యూను అసిరయ్య పెట్టెకు కాలు తన్నిపట్టి గుంజాడు. ముడి కదలలేదు. పదకొండుకు ఇంకా పది నిమిషాలుందనగా అసిరయ్య కత్తి తెచ్చాడు.

కూర్మయ్య పెట్టె మీద బోర్లా పడ్డాడు. "కత్తెట్టావంటే ఊరుకోను! పడవ తాడుకి కత్తి తగిల్తే ఆ యేడు ఏట సాగదు!"

"నీ ఏట సాగుతాది, నా ఉద్యోగం పోతాది! పదిహేడేళ్లు సదివించి, తాడు కోసం ముంచేస్తావేటి నాన్నా?" కోపంతో ఝాన్సీకి ఏడుపొచ్చేసింది.

"సెప్పేది ఇనండి. ఆ పెట్టెలో..." అంది కూర్మమ్మ.

"నువ్వూరుకో!" తండ్రీకూతుళ్లు ఒక్కసారే అరిచారు.

కూర్మమ్మ మూతి బిగించి గోడవైపు తిరిగి కూర్చుంది. వరండా నిండా చదువుకున్నవాళ్లే. ఏం చెబుతున్నావమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు!

ఆఫీసరు లక్ష్మీనరసమ్మ గారు బయటికొచ్చారు. "ఇంక అయిదు నిమిషాలే. తర్వాత పేరు కొట్టేస్తాను."

కూర్మయ్య కూతురి ముఖం చూశాడు. అసిరయ్య చేతిలో కత్తి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని, తాడు తానే కోసేశాడు.

మూత లేచింది. పెట్టె నిండా ఎండుచేపలు. ఆఫీసరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"సర్టిఫికెట్లేవే?" అంటూ కూర్మయ్య చేపలన్నీ కెలికాడు.

కూర్మమ్మ లేచి, తన చేతిసంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆఫీసరమ్మకిచ్చింది. "ఈ ఊళ్లో ఉన్న మా ఆడబడుసుకని సేపలెట్టినాను. కాయితాలకి కంపు పడతాదని ముందే తీసేసినాను. సెప్పనిచ్చారేటి? ఇంటికాడ ఓపాలి సెప్పబోయినాను, ఇక్కడ ఇంకోపాలి! నోరెత్తితే ఊరుకోమంటారు. ఊరుకున్నాను!"

కవరుకున్న రబ్బరుబ్యాండు ఒక్క వేలికే ఊడొచ్చింది. పదకొండుకు నిమిషం ముందు ఝాన్సీ పేరు పక్కన టిక్కు పడింది.

కూర్మయ్య తెగిన తాడు రెండు కొసలూ పట్టుకుని, కాస్త సాయం పట్టమన్నట్టు భార్యవైపు చూశాడు.

ఆవిడ ఊరుకుంది.