ముల్లు లేని కొర్రమీను

కొల్లేటి చేప తినని నోటితో కొల్లేటి ఓటు అడగబోనని, 1937 ఎన్నికల ముందు ఏలూరు సభలో పట్టాభిరామయ్యగారు ప్రతిజ్ఞ చేశారు. చప్పట్లు మోగాయి. ఆయన ఇంటి గడప మూడు తరాలుగా ఉల్లిపాయైనా దాటలేదని తెలిసినవారు మరి కాస్సేపు కొట్టారు.

మూడోనాడు ఆయన ఏజెంటు వెంకట్రాజు పడవ దిగి, లంకలో మిషన్ బడి నడిపే కృపానందం దగ్గరికి వచ్చాడు.

"ఆదివారం అయ్యగారి భోజనం మీ ఇంట్లోనండీ. ఊరంతా చూడాలి. చేపలు మేమే తెస్తాం."

"కొల్లేటికి చేపలు తేవడమేమిటండీ?"

"మీవి నీచు చేపలు కదండీ. ఇవి మడి చేపలు."

బుట్ట తెరిచాడు. తాడేపల్లిగూడెం సంతలో కొన్న కంద. వంటవాడు తోకతో సహా చేపల్లా చెక్కాడు. కళ్ళకు మిరియాలు.

"మీరు నోరు మెదపకపోతే బడికి పెంకులు. మెదిపితే లేవు."

తుఫానుకు కప్పు లేచిపోయిన బడిలో ముప్పైమంది పిల్లలు తాటాకు గొడుగుల కింద ఎక్కాలు చదువుతున్నారు. కృపానందం నోరు మెదపలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక వాకిట్లో పంక్తి వేశారు. కృపానందం అత్తగారు సువార్తమ్మ అందరికీ కొర్రమీను పులుసు కాచింది. భార్య పోయాక అతని ఇంట్లో పులుసు ఉడకడం అదే మొదలు. అయ్యగారి చట్టి వేరు, వంటవాడు వేరు, నీళ్ళు ఏలూరువి. తక్కినదంతా సమానత్వమే.

పట్టాభిరామయ్యగారు నాలుగు ముక్కలు తిన్నారు.

"ఆహా! కొర్రమీనంటే కొల్లేటిదే! నేను మీవాణ్ణి. ఇకనుంచి మీదంతా నాదే!"

సువార్తమ్మ ఆయన విస్తరికేసి వంగి చూసింది.

"అల్లుడుగారూ, అందరి ఆకుల్లోనూ ముళ్ళున్నాయి. బాబుగారి ముళ్ళేవండీ?"

కృపానందం బడి మొండిగోడలకేసి చూశాడు.

"తినేశారండీ."

"నడిముల్లు కూడానా?"

"కూడా."

"మరి తలకాయో?"

"అదీనండీ."

దడి అవతల జనం మెడలు చాచి ఆ విస్తరికేసి చూశారు. ఎవరో నెమ్మదిగా అన్నారు:

"ముల్లయినా మిగల్చని మనిషిని మద్రాసు పంపితే, మనకి కొల్లేరు మిగులుద్దంటారా?"

ఆ మాట సాయంత్రానికి కలిదిండి చేరింది, తెల్లారేసరికి కైకలూరు. బుధవారం వెంకట్రాజు రొప్పుతూ వచ్చాడు.

"పెంకులూ లేవు, ఏమీ లేవు! ఎంత పని చేశారండీ మేష్టారూ!"

"నేను నోరు మెదపలేదండీ."

"అదేనండీ మీ తప్పు! కంద అని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!"

గురువారం ఇంకో పడవ వచ్చింది. ఎదుటి అభ్యర్థి సుబ్బారావుగారిది. ఆయనా గొప్ప నిష్ఠాపరులే. ఆయన ఏజెంటు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ ఆదివారం మా అయ్యగారు మీ ఇంట్లో భోంచేస్తారండీ. బడికి పెంకులు మావి."

కృపానందం అతని చేతిలోని బుట్టకేసి చూశాడు.

"చేపలు మీరే తెచ్చుకుంటారా?"

"తెచ్చుకుంటామండీ. తమరు ముళ్ళు ఇప్పిస్తే చాలు."