మూడు ఈతల అనుభవం

ఒక పెద్ద అడవిలో బడి ఉంది, బడికి వచ్చే పిల్లలున్నారు, మధ్యలో ఒక వాగుంది. లేనిదల్లా ఆ పిల్లలకు ఈత నేర్పే పంతులే.

ఎండాకాలంలో ఆ వాగు మోకాలి లోతు. ఎవరి మోకాలని అడక్కండి, జింక మోకాలే అనుకోండి. వానలు పడ్డాయా, ఇక దాని వీరంగం చూడాలి. పోయినేడు శ్రావణంలో కుందేలు చుక్కమ్మ కూతురు బుడ్డి బడికి వెళ్తూ కొట్టుకుపోయింది. తుమ్మకొమ్మ పట్టుకుని పూటంతా వేలాడింది. కప్ప జలజాక్షి పక్కనే ఈదుతూ, "కొమ్మ వదిలెయ్యవే తల్లీ, నేనున్నాగా! కాళ్ళిలా కొట్టు, ఆఁ, ఇంకోసారి" అని చెప్పి చెప్పి దాన్ని ఒడ్డుకు తెచ్చింది.

ఆ రోజు ఒడ్డున చుక్కమ్మ ఏడ్చిన ఏడుపు జలజాక్షి చెవుల్లోంచి పోలేదు. వచ్చే వానల్లోగా బడిలో ప్రతి పిల్లకూ ఈత రావాలని అప్పుడే గట్టిగా అనుకుంది.

సింహం గారు కూడా అదే అనుకున్నారు. "ఈత పంతుల్ని వెయ్యండి! అర్హతలున్నవాళ్ళనే వెయ్యండి!" అని గర్జించి పడుకున్నారు.

ఆ గర్జన విద్యాశాఖ ఆఫీసుకు కాగితంగా వచ్చింది. ఆఫీసులో గుమాస్తా ముంగిస ముకుందం. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముక్క కూడా సొంతంగా రాసిన పాపాన పోలేదు. పాత ఫైలు తియ్యడం, పేరు మార్చడం, కొత్త ఫైలు కట్టడం, అంతే. ఈత అన్న మాట ఎక్కడుందా అని బీరువాలన్నీ వెతికితే పాలకేంద్రం వాళ్ళ ఫైలొకటి దొరికింది. పాలకేంద్రానికి మేకలు కావాలని ఎప్పుడో వేసిన ప్రకటన. ఆ ఫైల్లో ఈత అంటే ఈనడం. మూడుసార్లు ఈనిన మేకంటే మూడు ఈతల మేక. ముకుందం అవేవీ చూడలేదు. 'మేకలు' కొట్టేసి 'పంతులు' అని రాసి గోడకు అంటించాడు.

"ఈత పంతులు కావలెను. కనీసం మూడు ఈతల అనుభవం తప్పనిసరి. ధ్రువపత్రములు జతపరచవలెను."

అందరికంటే ముందు వచ్చింది జలజాక్షి. తడి ఒళ్ళు ఆరకుండానే గెంతుకుంటూ వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"ఎన్ని ఈతలమ్మా?" అన్నాడు ముకుందం తలెత్తకుండా.

"అదేం ప్రశ్న బాబూ! లేచింది మొదలు ఈతేగా. ఎవరు లెక్కపెట్టారు?"

"లెక్క లేకపోతే అనుభవం లేనట్టేనమ్మా."

"వాగు ఇక్కడే ఉందిగా. దూకి చూపిస్తా, రండి."

ముకుందం ప్రకటన పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాడు. "నీళ్ళ ప్రస్తావనే లేదమ్మా ఇందులో" అన్నాడు.

సరే, పెద్దాయననే అడుగుదామని జలజాక్షి లోపలికెళ్ళింది. విద్యాధికారి నెమలి మయూరనాథం గారు నాలుగడుగుల పింఛాన్ని కుర్చీ వెనక జాగ్రత్తగా సర్దుకుని కూర్చున్నారు. ఆయనకు ఉద్యోగం మీద ప్రేమ ఉందో లేదో గానీ పింఛం మీద మాత్రం ప్రాణం. జలజాక్షి పుట్టిన చీటీ తీసి చూశారు.

"ఆనవాళ్ళు: తోక కలదు. ఏదమ్మా తోక?"

"రాలిపోయిందండీ. మా కప్పలకంతే కదండీ, చిన్నప్పుడు ఉంటుంది, పెద్దయ్యాక ఉండదు."

"తోక ఎక్కడైనా రాలుతుందా? నన్ను చూడు! ఈ చీటీలో కప్పవి నువ్వేనని నమ్మకమేమిటి? రాలిపోయినట్టు ధ్రువపత్రం తే."

"ఎవరిస్తారండీ అది?"

"విద్యాధికారే ఇవ్వాలి. అంటే నేనే. కానీ నీ తోక రాలినప్పుడు నేను చూడలేదే!"

జలజాక్షికి ఒళ్ళు మండింది. మండినా ఏం లాభం? బయటికొచ్చి అరుగు మీద కూలబడింది.

అప్పుడే గోడ దగ్గర పరపరా చప్పుడు. మేక శేషారత్నం ప్రకటన కాగితాన్ని ఒక మూల నుంచి నములుతోంది. ముకుందం కర్ర పుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు. పాలకేంద్రం ఫైలు తిరగేసిన చెయ్యి కదా, కొట్టబోయినవాడల్లా అలవాటుగా అడిగాడు.

"ఎన్ని ఈతలు?"

"నాలుగు నాయనా. నాలుగోసారి కవలలు" అంది శేషారత్నం నములుతూనే.

"ధ్రువపత్రం ఉందా?"

"మంత్రసాని కోతి రాసిచ్చిన చీటీ ఉంది. అదొక్కటే తినకుండా దాచుకున్నా."

మూడు చాలంటే నాలుగున్నాయి! పైగా కవలలు! తోక కూడా ఉంది, పొట్టిదైతేనేం. ముకుందం కర్ర పడేసి కుర్చీ వేశాడు. సాయంత్రానికల్లా శేషారత్నం ఈత పంతులమ్మ అయిపోయింది.

పాపం, ఆవిడ మంచిదే. "నాయనా, నాకు నీళ్ళు చూస్తేనే కాళ్ళు వణుకుతాయి" అని మొత్తుకుంది.

"నిన్ను వేసింది నీళ్ళకు కాదమ్మా, ఈతకు" అన్నాడు ముకుందం.

జలజాక్షి మాత్రం ఆఫీసు వదల్లేదు. "బడిలో ఇంకేదైనా పనుంటే ఇవ్వండి, ఏదైనా సరే" అని పట్టుబట్టింది. నీళ్ళ ఆయా పని ఖాళీగా ఉంది. పిల్లలు ముంతలతో వాగు నుంచి నీళ్ళు తెస్తుంటే దగ్గరుండి చూసుకోవాలి.

"దానికి అర్హతలేమీ రాయలేదు. కాబట్టి నువ్వు పనికొస్తావు" అన్నాడు ముకుందం.

ఇక చూడండి బడి. పొద్దుట శేషారత్నం పంతులమ్మ పిల్లల్ని మైదానంలో బోర్లా పడుకోబెట్టి, "చేతులు కొట్టండి, కాళ్ళు కొట్టండి" అని దుమ్ములో ఈత చెప్పేది. పిల్లలు తుమ్మేవాళ్ళు. మధ్యాహ్నం జలజాక్షి ముంతలిచ్చి వాగుకు తీసుకెళ్ళేది. ముంత నిండడానికి ఎంతసేపు పడుతుంది? వాళ్ళకు మాత్రం రెండు గంటలు పట్టేది.

మొదటివారం బుడ్డి నీళ్ళలో కాలే పెట్టలేదు. జలజాక్షి మెడ చుట్టూ చేతులేసి, "ఆయమ్మా, నన్ను మింగేస్తుంది" అని ఏడ్చేది.  అయినా జలజాక్షి వదల్లేదు. ఇవాళ పాదం తడిస్తే చాలంది, రేపు మోకాలు తడిస్తే చాలంది. జ్యేష్ఠం దాటేసరికి బుడ్డి మునిగి గులకరాళ్ళు తీసుకొచ్చేది.

శేషారత్నానికి ఇదంతా తెలుసు. ఒకరోజు జలజాక్షిని పక్కకు పిలిచింది.

"వదినా, జీతం తీసుకునేది నేను, పంతులమ్మవి నువ్వు. నాకు సిగ్గుగా ఉందే."

"పిల్లలు బతికితే చాలు వదినా. నువ్వు ఎవరితోనూ అనకు, అంతే."

వానలు మొదలయ్యాయి. బడి తనిఖీకి వస్తున్నానని మయూరనాథం గారు కబురు పెట్టారు. వాగు మీద పెద్ద దుంగ వేసి, పన్నెండు మంది పిల్లల్నీ దాని మీద వరసగా నిలబెట్టారు, స్వాగతం చెప్పడానికి. ఒడ్డున శేషారత్నం పూలదండతో నిలబడింది. అప్పటికే దండ సగం తినేసింది.

మయూరనాథం గారు వానలో తడుస్తూ దుంగెక్కారు. జనం చూస్తున్నారు కదా, దుంగ మధ్యకొచ్చాక పింఛం ఒక్కసారి విప్పారు. ఈదురుగాలి వచ్చి ఆ పింఛాన్ని పట్టుకుంది. దుంగ దొర్లింది. అధికారి గారూ, పన్నెండు మంది పిల్లలూ గుభీమని వాగులో పడ్డారు!

శేషారత్నం కళ్ళు మూసుకుని "మేఁ మేఁ" అని అరిచింది. చుక్కమ్మ గుండెలు బాదుకుంది. జలజాక్షి అప్పటికే నీళ్ళలో ఉంది.

ఒక తల లేచింది. రెండు, మూడు... కాళ్ళు కొట్టుకుంటూ పిల్లలంతా ఒడ్డుకొస్తున్నారు. జలజాక్షి లెక్కపెడుతోంది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండోది లేదు. బుడ్డి లేదు. జలజాక్షి మళ్ళీ వాగు మధ్యకు తిరిగి గట్టిగా పిలిచింది.

"బుడ్డీ!"

కాస్త దిగువన నీళ్ళు కదిలాయి. బుడ్డి పైకి తేలింది, నోట్లో పింఛం కొస పట్టుకుని! తడిసిన పింఛం బరువుకు ఎగరలేక మునిగిపోతున్న విద్యాధికారిని లాగుతోంది. మిగతా పిల్లలు మళ్ళీ దూకి తలో ఈకా పట్టుకున్నారు. "హైసా!" అని లాగితే ఆయన ఒడ్డున పడ్డారు. పింఛం మాత్రం పిల్లల చేతుల్లోనే ఉండిపోయింది.

మయూరనాథం గారు వణుకుతూ లేచారు. "ఎవరు నేర్పారర్రా మీకు?" అన్నారు.

పన్నెండు వేళ్ళు ఆయా వైపు చూపించాయి. పదమూడోది శేషారత్నం కాలు.

ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "జలజాక్షమ్మా, తప్పు చేశాను. రేపు పొద్దున్నే ఆఫీసుకు రా, నీ ఆర్డరు మీద సంతకం పెట్టకుండా మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నారు. శేషారత్నం సంతోషం పట్టలేక అక్కడికక్కడే తన ఆర్డరు తీసి నమిలేసింది. ఖాళీ ఏర్పడింది.

మర్నాడు జలజాక్షి ఆఫీసుకు వెళ్ళేసరికి మయూరనాథం గారు బయట బల్ల మీద దిగాలుగా కూర్చుని ఉన్నారు.

"ఇక్కడున్నారేంటి సార్?"

"ముకుందం లోపలికి రానివ్వట్లేదమ్మా. విద్యాధికారికి నాలుగడుగుల తోక ఉన్నట్టు ఫైల్లో ఉందట. రాలిపోయినట్టు ధ్రువపత్రం తెమ్మంటున్నాడు."

"అదెవరిస్తారండీ?"

"విద్యాధికారే ఇవ్వాలి" అన్నారాయన తల వంచుకుని.

 "కాస్త జరగండి సార్" అని జలజాక్షి పక్కన కూర్చుంది. అంతలో బడి గంట వినిపించింది, పిల్లలు ముంతలు పట్టుకుని ఎదురుచూస్తుంటారని లేచి వాగు వైపు గెంతింది. ఆయన అక్కడే ఉన్నారు.

నీతి: వాగు దాటాలంటే ఈత వస్తే చాలు, ఆఫీసు దాటాలంటే తోక ఉండాలి.