కాగితపు మనిషికి దిష్టి

ఆ ఉదయం ఇబ్తిసామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాగితపు మనిషికి చివరి పొర అంటించాలి, తల దువ్వుకోవాలి, మధ్యాహ్నం నమాజు అయ్యాక షుక్రీ గారు వస్తే కాఫీ ఇవ్వాలి. అలెగ్జాండ్రియాలో ఆయన చిత్రశాలలో జరగబోయే ప్రదర్శనకు ఒకే ఒక గోడ మిగిలి ఉంది. ఈసారి కూడా అది దక్కకపోతే ఈ పని మానేసి, మేనమామ కొట్లో శుభలేఖలు కత్తిరించడానికి వెళ్తానని ఆమె ఇంట్లో ఒప్పుకుంది.

బొమ్మ ఒక కూర్చున్న ఆడమనిషి. దళసరి తెల్ల కాగితాన్ని పొర మీద పొరగా, ప్రతి పొరా కింది దానికంటే కాస్త చిన్నదిగా కత్తిరించి పేర్చితే భుజం, పొట్ట, మోకాళ్ళు ఉబ్బెత్తుగా లేచి వచ్చాయి. రంగంటూ లేదు, అంతా నీడల పనే. జిగురు అయిపోవడంతో ఇబ్తిసామ్ బజారుకు దిగింది.

అప్పుడే తల్లి రతీబా ఆ గదిలోకి వచ్చింది. పొద్దున పాలు విరిగాయి, కూతురి వేలు తెగింది. ఇప్పుడు చూస్తే బల్ల మీద కాగితపు మనిషి. దిష్టి తగిలితే కాగితాన్ని మనిషిలా కత్తిరించి, కుళ్ళుకునేవాళ్ళ పేర్లు చెబుతూ సూదితో పొడిచి, ఆ పైన కాల్చెయ్యడం ఆ ఇంట్లో తరాలుగా ఉన్నదే. పిల్లకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందని ఆమె మురిసిపోయింది. ఇన్ని పొరలు వేసిందంటే ఎన్ని కళ్ళు పడ్డాయో పాపం అనుకుని, బొమ్మను వంటింట్లోకి మోసుకెళ్ళింది. మామూలు సూది దిగకపోతే పరుపులు కుట్టే దబ్బనం తీసింది.

"ఇది మూడో అంతస్తు ఇన్షిరాహ్ కంటికి. ఇది దాని చెల్లెలి కంటికి. ఇది మళ్ళీ ఇన్షిరాహ్‌కే."

ఆ మేడలో వంటిళ్ళ కిటికీలన్నీ ఒకే గాలిసందులోకి తెరుచుకుంటాయి. రతీబా గొంతు ఎన్నడూ చిన్నది కాదు.

ఇబ్తిసామ్ తిరిగొచ్చేసరికి తల్లి అగ్గిపుల్ల గీస్తోంది.

"అమ్మా, అది కింద పెట్టు."

"ఉండవే, మీ పెద్దత్త ఇంకా మిగిలింది."

మెడ మీద, ఛాతీ మీద, మోకాళ్ళ మీద తూట్లు. ఇబ్తిసామ్ నేల మీద కూలబడింది. "అది ప్రదర్శనకి చేసిందమ్మా."

"ముందే చెప్పొద్దూ? ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకోబెడితే నేనేమనుకోవాలి?"

ఇంతలో తలుపు తోసుకుని ఇన్షిరాహ్ వచ్చింది. "నా చెల్లికి ఒక పోటూ, నాకు రెండూనా?"

"నీకు రెండు కళ్ళు లేవూ?" అంది రతీబా.

"దానికి మాత్రం లేవా?"

ఆమె వెనకే కింది వాటా ఉమ్మ్ రిఫాత్, మూతి ముడుచుకుని. "నా పేరు చెప్పలేదేం? ఇందాకట్నుంచీ కిటికీ దగ్గరే నించున్నా."

"నువ్వు మంచిదానివమ్మా."

"అంటే నాకు కుళ్ళుకునే పాటి అర్హత కూడా లేదంటావు. నీ కూతురు ప్రదర్శన సంగతి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు, తెలుసా?"

ఈలోగా ఇన్షిరాహ్ తన తూట్లు వెతుక్కోవడానికి బొమ్మను ఎత్తి ఎండకు పట్టింది. వెలుగు తూట్లలోంచి పొర పొరకూ జారి, కాగితం లోపల సన్నగా పాకింది. తెల్లటి ఛాతీ ఊపిరి పీల్చినట్టనిపించింది. ఇబ్తిసామ్ మెల్లగా లేచి, తల్లి చేతిలోంచి దబ్బనం అందుకుంది.

"పిన్నీ, మీది ఎక్కడ పెట్టమంటారు?"

"నుదుటి మీద," అంది ఉమ్మ్ రిఫాత్. "అందరికీ కనబడాలిగా."

"అక్కడ వెలుగు చెదిరిపోతుంది. గుండెకి కాస్త పైన ఇస్తాను."

"సరే, అదీ మర్యాదైన చోటే."

ఈ సంగతి గాలిసందులోంచి మేడంతా పాకింది. షుక్రీ గారు వచ్చేసరికి మెట్ల మీద ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ముందుకు వెళ్ళబోతే, "అందరం వేచి ఉన్నాం, వెనక నించో నాయనా," అన్నారు. ఆయన బుద్ధిగా నించున్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఇబ్తిసామ్ తలెత్తకుండానే, "పేరు?" అంది.

ఆయన బొమ్మ వంక చాలాసేపు చూశాడు. "షుక్రీ. నాకూ ఒకటి పొడవమ్మా. ఆ గోడ వేరేవాళ్ళకి ఇచ్చేశానని చెప్పడానికే వచ్చాను. ఇప్పుడు వాళ్ళకి ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను. గోడ నీదే."

"గోడ వద్దు ఉస్తాద్," అంది ఇబ్తిసామ్. "కిటికీ ఇవ్వండి."

సముద్రం వైపు కిటికీకి వేలాడదీసిన ఆ బొమ్మ దగ్గరికి ప్రదర్శన రోజున చేరడమే కష్టమైంది. శుభలేఖల మేనమామ కూడా మునివేళ్ళ మీద నిలబడి చూశాడు. ఒక డాక్టరమ్మ అది తనకే కావాలంది. అంతే, ఉమ్మ్ రిఫాత్ ఆమెను పక్కకు లాగింది.

"మీ ఇంట్లో ఎండ ఏ వైపు నుంచి వస్తుందమ్మా? చుట్టలు కాల్చే మగాళ్ళున్నారా? అత్తగారు మీతోనే ఉంటుందా?"

డాక్టరమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి బొమ్మను తీసుకెళ్ళింది. ఆ సంబంధం కుదిర్చింది తానేనని ఉమ్మ్ రిఫాత్ ఇప్పటికీ చెప్పుకుంటుంది.