కాదనే మనిషి

ఆ ఆదివారం పొద్దున లూకా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది మంది మనుషులు, నాలుగు చాపలు, ఒక గిన్నె పులిహోర, ఒక ప్రశ్న. రెండింటికల్లా ఇంటికొచ్చి కాస్త నడుం వాల్చాలి. పది మందిలో తొమ్మిది మంది రాకపోయినా అతనికి బెంగ లేదు. రావలసిన మనిషి ఒక్కడే, అతని పేరు హాతీరాం.

"పది మందికన్నరు, పదిహేను మందికి కలిపిన," అంది భార్య ఆరోగ్యమ్మ గిన్నె మీద మూత పెడుతూ. "ఫిలాసఫీ అంటే మీ కాలేజీ పిల్లలే రారు. ఈ పులిహోర వారం రోజులు మనమే తినాలె."

"హాతీరాం వస్తే చాలు."

"ఆయన మనింటికి వస్తనే ఉన్నడు, మీరు తండాకు పోతనే ఉన్నరు. మళ్ల షెడ్డుల ఈ మీటింగేంది?"

అసలు కారణం చెబితే నవ్వుతుందని లూకాకు భయం. ఇరవయ్యేళ్లుగా తత్వశాస్త్రం చెబుతున్నవాడికి భార్య నవ్వుకు భయపడటం కూడా రాకపోతే ఇంకేం వచ్చినట్టు?

లూకా ఇల్లు సత్తుపల్లిలో, ఉద్యోగం భద్రాచలంలో ఒక కాలేజీలో. సోమవారం తొలి బస్సుకు వెళ్తాడు, శనివారం సాయంత్రం బస్సుకు తిరిగొస్తాడు. ఆ బస్సుకు తొమ్మిదేళ్లు హాతీరాం కండక్టరు. మొదట్లో ఇద్దరూ మా యేసుప్రభువు ఇలా, మా తండాల గురువు సేవాలాల్ మహరాజ్ అలా అని మొదలుపెట్టేవాళ్లు. ఆ మాట మూడో స్టాపు దాటేది కాదు. ఇద్దరూ మర్యాదగా నవ్వి ఊరుకునేవాళ్లు. ఒక సోమవారం లూకా దేవుళ్ల పేర్లు పక్కనపెట్టి ఒక ప్రశ్న అడిగాడు. మంచిపని మంచిదెందుకైంది? దేవుడు చెప్పాడు కాబట్టా, లేక అది మంచిది కాబట్టే దేవుడు చెప్పాడా?

"దేవుడు చెప్పిండు గన్కనే సార్," అన్నాడు హాతీరాం టికెట్టు చింపుతూ. "స్టాపు స్టాపెట్లయితది? డిపోల రాసిండ్రు గన్క."

"జనం అక్కడ దిగుతున్నారు కాబట్టే డిపో వాళ్లు రాశారు."

"కాదు సార్."

ఆ "కాదు సార్" ఆ రోజు భద్రాచలం దాకా నడిచింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచింది. ఒకరి ప్రార్థన మరొకరికి నోటికొచ్చింది. ఎవరూ ఎవరి మతంలోకీ మారలేదు, ఎవరి మాటా నెగ్గలేదు. సోమవారం అంటే ఊరంతా విసుక్కుంటుంటే లూకా ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం కోసం చూసేవాడు.

తర్వాత హాతీరాం మోకాళ్లు పోయాయి. ముందే రిటైరై పెనుబల్లి అవతల ఉన్న తన తండాకు వెళ్లిపోయాడు. వెళ్తే పోనీ, కలుసుకుని వాదించుకోవడానికి ఏం అడ్డం? అడ్డం హాతీరాం మర్యాదే. ఇంటికొచ్చిన మనిషి మాటకు ఎదురు చెప్పడు. తాను ఒకరింటికి వెళ్తే ఆ ఇంటాయన మాటకూ ఎదురు చెప్పడు. లూకా ఒకసారి తెగించి, తండాలో అతని మంచం మీదే కూర్చుని, "అసలు దేవుడే లేడేమో హాతీరాం," అన్నాడు. "అవ్ సార్, మీరన్నంక కాదంటమా? ఇంకో రెండు ముక్కలు ఏసుకోండ్రి," అన్నాడు హాతీరాం కూరగిన్నె జరుపుతూ. ఆ రాత్రి లూకాకు అన్నం సయించలేదు.

కాలేజీలో పిల్లలు ఏం చెప్పినా రాసుకుంటారు. చర్చిలో ఏం చెప్పినా తలలూపుతారు. తనను కాదనే మనిషి కోసం లూకా పద్నాలుగు నెలలుగా అల్లాడిపోతున్నాడు. బస్సులో కొత్త కండక్టరు టికెట్టిచ్చి ముందుకు పోతే, కిటికీ వైపు తిరిగి కూర్చుంటున్నాడు.

అందుకే ఎవరి ఇల్లూ కాని చోటు వెతికాడు. దారిలో పామాయిల్ గెలలు తూకం వేసే షెడ్డు ఉంది, ఆదివారం ఖాళీ. తండాకు ఇంకా సెల్ సిగ్నల్ రాలేదు కాబట్టి చీటీ రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చాడు. "హాతీరాం గారికి. మన ఇద్దరి మధ్య చాలా ఏళ్లుగా తేలని విషయం ఒకటుంది. ఇళ్లలో కూర్చుంటే తేలేటట్టు లేదు. ఆదివారం పన్నెండింటికి షెడ్డు దగ్గర పెద్దల ముందు మాట్లాడుకుందాం. మీ వైపు నుంచి నలుగురిని తీసుకురండి, మా వైపు నుంచి నలుగురు వస్తారు." సర్వమత సంభాషణకు ఇంతకన్నా చక్కటి ఆహ్వానం ఉండదని మురిసిపోయాడు.

చీటీ వెళ్లిన రోజు హాతీరాం మోకాళ్లు చూపించుకోవడానికి ఖమ్మం దవాఖానాకు పోయాడు. అది తండా పెద్ద భీమ్లా నాయక్ చేతిలో పడింది. ఆయన నలభై ఏళ్లుగా పంచాయితీలు తెంపినవాడు, ఇలాంటి చీటీలు చాలా చూశాడు. చదివించుకుని మీసం దువ్వుకున్నాడు. సాయంత్రం హాతీరాం బస్సు దిగగానే కబురు చెప్పాడు.

"సత్తుపల్లి సారు నీ మీద పంచాయితీ పెట్టిండు."

హాతీరాం చీటీ రెండుసార్లు చదివాడు. సారు రాతే. అతని మొహం వాడిపోయింది. "నేనేం తప్పు చేసిన?" అన్నాడు భార్య పూలితో.

"కిందటిసారి వచ్చినప్పుడు కోడి కొయ్యలే. ఉత్త పప్పు పెట్టినం," అంది పూలి.

"పప్పుకు పంచాయితీ పెట్టరు," అన్నాడు భీమ్లా. "హద్దు తగాదా అయి ఉంటది."

"ఆయనది సత్తుపల్లి, మాది తండా. నడుమ ఇరవై కిలోమీటర్లుంది. హద్దేడిది?"

"హద్దు లేకున్నా తగాదా పెట్టిండంటే ఎంత కడుపుమంట ఉండాలె. నలుగురితోని కాదు. అందరం పోదాం."

ఆదివారం తండా నుంచి రెండు ట్రాక్టర్లు బయల్దేరాయి. అవి రోడ్డెక్కడం చూసినవాడెవడో, తండా అంతా లూకా మీదికి పోతున్నదని సత్తుపల్లి చర్చికి కబురు మోశాడు. పాస్టర్ షాలేమ్‌రాజు ప్రసంగం సగంలో ఆపి, "మన లూకా ఒక్కడే ఉన్నడు, పదండి," అన్నాడు. గంటకు తగ్గకుండా ప్రసంగించే అయ్యగారు పావుగంటలో ముగించారంటే ప్రమాదం పెద్దదేనని సంఘమంతా ఒక వ్యానులోనూ మూడు ఆటోలలోనూ ఎక్కింది.

షెడ్డు ముందు నూటయాభై మంది దిగేసరికి లూకా గుండె ఉప్పొంగింది. అతని కాలేజీలో తత్వశాస్త్రం గ్రూపులో ఉన్నది ముగ్గురు పిల్లలు. "చూశావా," అన్నాడు ఆరోగ్యమ్మతో. ఆరోగ్యమ్మ పులిహోర గిన్నె వైపు చూసింది.

తండా వాళ్లు ఒక పక్క, చర్చి వాళ్లు ఒక పక్క కూర్చున్నారు. భీమ్లా, షాలేమ్‌రాజు నడుమ కుర్చీల్లో కూర్చున్నారు. హాతీరాం తల వంచుకున్నాడు. లూకా నవ్వినా చూడలేదు.

"ఫిర్యాదు ఎవరిది?" అన్నాడు భీమ్లా.

"ప్రశ్న నాదే," అన్నాడు లూకా హుషారుగా లేచి. మంచి ముందా దేవుడి మాట ముందా అని విడమరచి చెప్పాడు.

"హద్దు సంగతి చెప్పు సారూ," అన్నాడు భీమ్లా ఓపిగ్గా.

"అదే కదా నేనడిగేది. దేవుడి మాటకు హద్దెక్కడ?"

ఏ పంచాయితీ అయినా తెంపకుండా లేవడం భీమ్లా ఇంటా వంటా లేదు. "హాతీరాం, నువ్వేమంటవు?"

హాతీరాం భీమ్లా వైపే తిరిగి చెప్పాడు. "దేవుడు చెప్పిండు గన్కనే మంచి మంచైంది నాయక్."

షాలేమ్‌రాజు ఉలిక్కిపడ్డాడు. అది అక్షరాలా ఆయన సగంలో ఆపిన ప్రసంగం. "లూకా, నువ్వు కాదంటున్నవా?" అన్నాడు. అవునన్నాడు లూకా. పాస్టర్ కుర్చీ లాక్కుని తండా వాళ్ల వైపు వెళ్లి కూర్చున్నాడు. "నాకు సారు మాటనే సబబనిపిస్తున్నది," అంటూ భీమ్లా చర్చి వాళ్ల వైపు వచ్చాడు. ఆ తర్వాత ఎవరు ఎటు కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. సగం తండా ఇటొచ్చింది, సగం చర్చి అటుపోయింది.

"గొడ్డుకు నీళ్లు పెడుతున్నం. ఎవరు చెప్పిండ్రని పెడుతున్నం?" అంది పూలి.

"చెప్పకపోతే మా ఆయన మొక్కకు కూడా నీళ్లు పోయడు. చెప్పాలె," అంది ఆరోగ్యమ్మ.

మూడు గంటలు వాదన సాగింది. కీర్తనలు పాడేవాళ్లు, సేవాలాల్‌కు భోగ్ పెట్టేవాళ్లు కలిసి ఒకే పక్షాన అరిచారు. పులిహోర ఒక్కొక్కరికి ఒక్క ముద్ద వచ్చింది. అడవి అంచున ఇంత తత్వశాస్త్రం ఎన్నడూ జరగలేదు. లూకాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్ని నోళ్లలో తనకు కావలసిన నోరు మూతపడి ఉంది.

చివరికి అతను లేచాడు. "అయ్యా, మా మధ్య గొడవేం లేదు," అన్నాడు. "ఈయన నన్ను కాదని పద్నాలుగు నెలలైంది. ఆ మాట వినాలని పిలిచాను. బస్సెక్కినప్పుడల్లా ఈయన గొంతు కోసం చూస్తున్నాను. నాకింకేమీ వద్దు."

హాతీరాం మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. మొదటిసారి లూకా కళ్లలోకి చూశాడు.

"కాదు సార్," అన్నాడు. "గొడవ లేదంటే ఒప్పుకోను. ఏండ్ల సంది ఉన్నది. మీరు చెప్పేది తప్పు. ఇంటికొచ్చినప్పుడల్లా నాలుక మీదికొచ్చింది, ఇంటికొచ్చిన మనిషని మింగిన. మీకన్న నాకే ఎక్కువ కష్టమైంది సార్."

ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు. "ఎక్కడ తప్పు? చెప్పు," అన్నాడు లూకా ఆశగా. హాతీరాం నోరు తెరిచాడు.

భీమ్లా చెయ్యెత్తి ఆపాడు. పక్కకు పోయి పాస్టర్‌తో రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాడు. "ఇద్దరు పెద్దమనుషులు కండ్ల నీళ్లు పెట్టుకున్నరు. గొడవ ఉన్నదని హాతీరాం ఒప్పుకున్నడు. ఇది ఒక్కనాడు తెగేది కాదు. ప్రతి ఆదివారం ఇక్కడనే కూర్చుందాం. తెగేదాకా మన కట్టుబాటు ప్రకారం ఈ ఇద్దరు ఒకరితోని ఒకరు మాట్లాడొద్దు, పంచాయితీల కూడ నోరిప్పొద్దు."

"ఆమేన్," అన్నాడు షాలేమ్‌రాజు.

ఇప్పటికి పదకొండు ఆదివారాలు గడిచాయి. షెడ్డు చాలక బయట టెంటు వేశారు. ఆ ప్రశ్న మీద మండలంలో నోరు విప్పని వాళ్లు ఇద్దరే ఉన్నారు.