నూటపది వోల్టుల పచ్చడి

మన ఇళ్ళలో రెండువందల ముప్పై వోల్టుల కరెంటు రావడం మన దురదృష్టమని సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి. ప్లగ్గు పెట్టగానే మిక్సీ గిర్రున తిరిగే ఇంట్లో మనుషులకు ఓర్పు ఎక్కడి నుంచి వస్తుంది? అదే అమెరికా నుంచి వచ్చిన నూటపది వోల్టుల మిక్సీ ఉన్న ఇల్లు చూడండి. అక్కడ ఆలోచన ఉంటుంది, ముందుచూపు ఉంటుంది, స్విచ్చు ముందు భయభక్తులు ఉంటాయి!

ఉదాహరణలు కావాలా? కారంచేడు చెంచురామయ్య గారింట్లో పదకొండేళ్ళుగా ఒక విదేశీ రైస్ కుక్కర్ ఉంది. ఒక్క గింజ ఉడకలేదు. అయితేనేం, ఇంటి పత్రాలు, రేషన్ కార్డు, ఆయన పాత కళ్ళజోడు అందులో ఎంత భద్రంగా ఉన్నాయో! మూత గాలి చొరకుండా పడుతుంది.

చీరాలలో మా బంధువుల ఇంట్లో బ్రెడ్డు కాల్చే మిషన్ హాలు షోకేసులో, పెళ్ళి ఫోటో పక్కన ఉంటుంది. మన కరెంటుకు పనికొచ్చేదే అయితే ఈపాటికి మసిపట్టి అటకెక్కేది కాదూ? పనికిరాదు కాబట్టే ఇప్పటికీ తళతళలాడుతోంది.

నందివెలుగులో ఒకాయన విదేశీ కాఫీ మిషన్ కోసం వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాడు. ఆ ఇనప ముద్దను వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటగదిలోకి మోసి మోసి ఆయనకు షుగరు అదుపులోకి వచ్చింది. కాఫీ మాత్రం పక్కింటి నుంచి వస్తోంది. ఏ డాక్టరు ఇంత మేలు చేయగలడు?

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు మహిమ బాపట్లలో, మా ఇంట్లో జరిగింది.

మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. ఒక వాటాలో మా అన్నయ్య శాలేమురాజు, వదిన కృపారాణి. రెండో వాటాలో బర్నబాస్ అనే నేను, నా భార్య స్టెల్లా. పెరట్లో రొమ్మెత్తు గోడ. దానికి అటొక వంటగది, ఇటొక వంటగది. మూడేళ్ళ క్రితం చర్చి భోజనాల్లో, పాస్టరమ్మ గారు వింటుండగా, స్టెల్లా చేసిన గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకుని వదిన "ఉప్పు కాస్త ఎక్కువైందేమో" అంది. అంతే, ఆ రోజుతో తోడికోడళ్ళకు మాటలు ఆగిపోయాయి. అన్నయ్యా నేనూ మాత్రం ఏం చేస్తాం? మేమూ మాటలు మానేసి, ఎవరి భార్య పక్షాన వాళ్ళం గౌరవంగా నిలబడ్డాం.

ఈ జనవరిలో మా చర్చి సంఘానికి అమెరికా నుంచి ఇద్దరు పెద్దావిడలు అతిథులుగా వచ్చారు. భోజనం మా ఇంట్లో అంటే మా ఇంట్లో అని రెండు వాటాలూ పట్టుబట్టడంతో, పాపం, వాళ్ళు ఒకే మధ్యాహ్నం రెండుసార్లు తిన్నారు. కృతజ్ఞతగా తమ వెంట తెచ్చిన కానుకల్లోంచి చెరొక మిక్సీ ఇచ్చారు. రెండూ ఒకే రకం. ఆదివారం టిఫినుకు వచ్చి అవి తిరుగుతుంటే చూస్తామని కూడా అన్నారు.

ఆ ప్లగ్గులు మన గోడకు పట్టలేదు. రెండు వాటాలవాళ్ళమూ ఎవరికివారే కబురు పెట్టి, రేపల్లె నుంచి ఎలక్ట్రీషియన్ అంకారావును పిలిపించాం. అతను మిక్సీని బోర్లించి అడుగున ఉన్న చీటీ చదివాడు.

"ఇది నూటపదిది బాబాయ్. మన కరెంటు పెడితే పొగే వచ్చుద్ది."

"మరెట్లా?"

"ట్రాన్స్‌ఫార్మర్ కావాలండి. తెనాల్లో చెప్పి చేయించాలి. వారం పడుద్ది."

ఆదివారానికి ఉన్నది రెండు రోజులు. కరెంటు ఆఫీసు వారు ఇక్కడి నుంచి కొన్ని వాక్యాలు చదవకుండా దాటేయాలని ప్రార్థన. మిగతావారు చదవవచ్చు గానీ, చేయకూడదు. అంకారావు గోడకు అటూ ఇటూ చూశాడు.

"రెండూ ఒకటే రకం కదండి. ఒకే తీగ మీద వరసగా కలిపేస్తాను. ఉన్న కరెంటు చెరిసగం పంచుకుంటాయి. కాకపోతే రెండూ ఒకేసారి తిరగాల. ఒకటి ఆపితే రెండోదీ ఆగిపోద్ది. రెండిట్లో ఒకటే సరుకు, ఒకటే కొలత వెయ్యాల. ఒకదాంట్లో తగ్గిందా, అది పిచ్చెక్కినట్టు తిరిగి మాడిపోద్ది."

ఆదివారం అంకారావు గోడ పక్కన నిలబడి "వెయ్యండక్కా, ఆపండక్కా" అని రెండు వైపులకూ కేకలు వేశాడు. మిక్సీలు తిరిగాయి, అతిథులు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. సోమవారం నుంచి కేక వేసే మనిషి లేడు. అయినా విదేశీ మిక్సీని ముందు అటకెక్కించిన పేరు తనకే రావడం ఇద్దరిలో ఎవరికీ ఇష్టం లేదు.

సోమవారం వదిన గరిటెతో గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. స్టెల్లా రెండు దెబ్బలు కొట్టి స్విచ్చు వేసింది. బుధవారం అటు కొబ్బరి పడింది, ఇటు పల్లీలు పడ్డాయి. మా మిక్సీ కీచుమని అరిచి కాలిన వాసన కొట్టింది. గురువారం పొద్దున గోడ అవతల నుంచి మాట వినిపించింది.

"స్టెల్లా, ఇవాళ ఏంటి?"

మూడేళ్ళలో అదే మొదటి మాట. నేను పేపరు మడిచేశాను.

"గోంగూరక్కా" అంది స్టెల్లా.

అవతల ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడైంది. తరవాత వదిన గొంతు బాగా తగ్గి వచ్చింది.

"ఉప్పెంత వేస్తున్నావో చెప్పమ్మా. నేనూ అంతే వేస్తాను."

ఉప్పుకూ మోటారుకూ సంబంధం లేదని అంకారావు వాళ్ళకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మడిచిన పేపరు మళ్ళీ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ మర్నాడు తెనాలి నుంచి అంకారావు చేయించిన ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. "దాంతో పచ్చడి రుచి రాదండి" అని స్టెల్లా దాన్ని ఊరగాయ జాడీ కింద పీటగా వేసింది. ఇప్పుడు ఏం రుబ్బాలో తోడికోడళ్ళు ముందు రోజే అనుకుంటారు. మొన్న చీరలకని కలిసి చీరాల వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. చెప్పండి, రెండువందల ముప్పై వోల్టుల మిక్సీ ఏదైనా ఈ పని చేయగలదా?

అయితే ఈ సాధనంలో ఒక లోపం ఉంది. అది ఆడవాళ్ళ మధ్యే పనిచేస్తుంది.

అన్నయ్యా నేనూ ఇంకా మాట్లాడుకోవడం లేదు. ఏ గొడవ కోసం మానేశామో ఆ గొడవే ఇప్పుడు లేదు. రెండు వాటాల్లో ఒకటే పచ్చడి, ఒకటే ఉప్పు, తినేటప్పుడు మాత్రం మధ్యలో గోడ. వాళ్ళిద్దరూ చీరాల వెళ్ళిన రోజు ఆయన ఆ అరుగు మీద, నేను ఈ అరుగు మీద చెరో రెండు అరటిపళ్ళు తిని నీళ్ళు తాగాం. ఆయన దగ్గాడు. నేనూ దగ్గాను. పలకరించడానికి ఇద్దరికీ ఒక్క సాకు దొరకలేదు.

అందుచేత పాఠకులకు నా విన్నపం. అన్నయ్య రోజూ ఆరున్నరకు గడ్డం గీసుకుంటాడు. నేనూ అప్పుడే. మీ బంధువుల్లో ఎవరైనా అమెరికా నుంచి వస్తుంటే, గడ్డం గీసుకునే కరెంటు మిషన్లు, నూటపది వోల్టులవి, ఒకే రకానివి రెండు తెప్పించి పెట్టండి. ఒక్కటే తెస్తే నాకు ఉపయోగం లేదు.