ఫెలిక్స్ ఏడవకూడదు

మాదాపూర్‌లోని ఆ కాల్ సెంటర్‌లో చేరిన ప్రతి ఒక్కరికీ ఒక ఇంగ్లీషు పేరు ఇస్తారు, ఆ తర్వాత ఆ పేరుకు అర్థమేదో అలాగే బతకాలి. లియో అంటే సింహం కాబట్టి క్యాంటీన్‌లో అతనికి పప్పు వడ్డించరు. కామెరాన్ అంటే వంకర ముక్కు. ఆ పేరు వచ్చిన కుర్రాడికి పేరుకు తగ్గట్టు ముక్కు సరిచేసుకోవడానికి వారం గడువిచ్చారు, పాపం నాలుగో రోజుకే వంకర తిరిగింది. కుర్రకారు యాసలో 'సిక్' అంటే అద్భుతం అని తేలినప్పటి నుంచి సిక్ లీవులు కూడా తీసేశారు. అద్భుతంగా ఉన్నవాడికి సెలవెందుకని యాజమాన్యం అడిగింది.

నల్గొండ ఉపేందర్‌కు ఫెలిక్స్ అని వచ్చింది. ఫెలిక్స్ అంటే సంతోషం. మూడేళ్లు హాయిగా గడిచాయి. ఒక మంగళవారం వాళ్లమ్మ పోయింది.

అతను టీమ్ లీడర్ విక్టర్ దగ్గరికి వెళ్లాడు. విక్టర్ అంటే విజేత. అతనితో వాదించి గెలిచినవాళ్లు లేరు.

"సార్, మా అమ్మ సచ్చిపోయింది. జర ఏడ్వనియ్యండి."

"ఊరికి పో, నేను వద్దంటలేను. ఏడుపుకైతే డొలోరెస్ ఉంది కద. ఆమెకు చెప్పు."

డొలోరెస్ అంటే దుఃఖాలు. అసలు పేరు సుగుణ. ఫ్లోర్ మొత్తానికీ ఏడ్చేది ఆవిడే.

"మీ అమ్మ ఎట్లుండేదో చెప్పు తమ్మీ. ఉత్తగ ఏడిస్తే మంచిగుండది."

"ఫోన్ చేస్తే తిన్నవా అని అడిగేదక్కా. నేను చెప్పకముందే, తినలే నువ్వు అని తిట్టేది."

సుగుణ కుర్చీలోంచి జారి, నేల మీద కూలబడి ఏడ్చింది. ఉపేందర్ చిరునవ్వుతో నిలబడి చూశాడు. అతనికి ఆవిడ మీద చెప్పలేనంత కుళ్లు పుట్టింది. ఆ ఏడుపు తనది. అయినా థ్యాంక్స్ చెప్పి బస్సెక్కాడు.

ఊళ్లో పాడె సిద్ధంగా ఉంది. అందరూ అతని మొహం వైపే చూస్తున్నారు. మొహం నవ్వుతూనే ఉంది.

"ఏడ్వు బిడ్డా," అంది మేనత్త. "ఒక్కగానొక్క కొడుకువు. నువ్వు ఏడ్వకుంటే పాడె ఎట్ల లేపుతరు?"

"ఏడుపు అక్కడనే అయిపోయిందత్తా."

"ఎవరేడ్చిన్రు?"

"ఆఫీసుల ఒకామె."

మేనత్త పాడె వైపు చూసి, మళ్లీ అతని వైపు తిరిగింది.

"మంచిగ ఏడ్చిందా?"

"మంచిగనే ఏడ్చింది."

"అయితే లేపుండ్రి," అంది మేనత్త.