మూడు సెల్లుల మహాసంగ్రామం

పందొమ్మిదివందల ఎనభైయేడవ సంవత్సరమున, ప్రచండమార్తాండుడు అచ్చంపేట రేకుల కప్పులపై నిప్పులు కురియుచున్న వైశాఖమాసపు గురువారమున, మధ్యాహ్నము పన్నెండున్నరకు, సూచీసూత్రధురంధరుడు, కత్తెరాయుధపాణి, రేడియోలో ముప్పదియేడు మార్లు స్వనామశ్రవణము గావించుకొనిన దర్జీకులతిలకుడు దస్తగిరి, తన రేడియోతోనే యుద్ధమునకు తలపడెను. చెవులొగ్గి వినుడు!

కారణము చెప్పెదను. కోరిన పాటల కార్యక్రమమున దస్తగిరి పేరు వెంటనే ‘ఆలేరు నుండి గోపయ్య’ యను పేరును వారము వారము వినబడుచుండెడిది. ముఖమెరుగని ఆ గోపయ్యను మన వీరుడు శత్రువుగా నెంచి పండ్లు కొరికెడివాడు. అంతలో ఆ పేరు మాయమయ్యెను. నాలుగు వారములు రాలేదు. తన పేరు చదివినను దస్తగిరికి అన్నము సహింపలేదు. ‘రేడియోల పాటలడిగే గోపయ్య, ఆలేరు’ అని చిరునామా వ్రాసి కార్డు వేసెను. అది చేరెను కూడ!

“సైకిల్ మీదికెల్లి పడి కుడిచెయ్యి ఇరిగింది భాయ్. గీ కార్డు నా పెండ్లాం యాదమ్మతోని రాయిస్తున్న. పాటల కార్డు రాయమంటే కొట్టనీకొస్తది. నా పేరు వస్తలేదని చూసినోనివి నువ్వొక్కనివే” అని జవాబు వచ్చెను.

దస్తగిరి కరిగి నీరయ్యెను. గోపయ్య పేరు ముందు, తన పేరు వెనుక వ్రాసి పాట కోరెను. ‘గురువారం విను, నీ పేరొస్తది’ అని ఆలేరునకు మాట యిచ్చెను.

అట్టి గురువారమే, అయ్యో, రేడియోలోని మూడు సెల్లులు మూల్గి మూగవోయినవి! కొత్త సెల్లులమ్ము దుకాణదారుడు తాళము వేసి భోజనమునకు పోయెను. దస్తగిరి సెల్లులను కాలుచున్న రేకుపై ఎండబెట్టెను, పంటితో కొరికెను, కింది దానిని మీదికి మార్చెను, రేడియో వీపున రెండు చరిచెను. అది బర్రుమనెనే గాని మాటాడలేదు.

జాకెట్ కొరకు వచ్చి కూర్చున్న బాలనర్సమ్మ, “దస్తగిరన్నా, రేపే పెండ్లికి పోవాలె. నా జాకెట్‌కు చేతులు పెడ్తవా లేదా?” అనెను.

“జర ఆగు చెల్లే!” అని హుంకరించి, ఆ మహావీరుడు సెల్లులనుద్దేశించి యిట్లు పలికెను: “ఓ సెల్లులారా! ఆరు నెలల సంది నా ఉప్పు తింటున్నరు గద! ఆడ గోపయ్య కట్టు కట్టుకొని మంచంల కూసున్నడు. ఆయనకు మాటిచ్చిన. ఆ ఒక్క పేరు వినిపియ్యుండ్రి. గీ పూట మోసం జేసిండ్రో, మిమ్ముల తీస్కపోయి పెంటమీద పారేస్త!”

ఆ శపథమునకు వెరచినవో, ఎండకు వేడెక్కినవో, సెల్లులు కదిలినవి. గరగరల నడుమ సన్నని స్వరము వెలువడెను: “ఈ పాట కోరిన శ్రోతలు, ఆలేరు నుండి గోపయ్య, ఆయన మిత్రుడు అచ్చంపేట నుండి...”

అంతే. రేడియో ప్రాణము విడిచెను.

“అయ్యో అన్నా, నీ పేరు రానే లేదాయె!” అని బాలనర్సమ్మ నొచ్చుకొనెను.

దస్తగిరి మెడలోని కొలతల టేపుతో కండ్లు తుడుచుకొనెను. “ఎందుకు రాలే? మిత్రుడు అన్నరు గద. అది నేనే.”

అష్టదిక్కులారా, ఆలకింపుడు! ముప్పదియెనిమిదవ మారు తన పేరు వినబడకయే దస్తగిరి గెలిచెను. బాలనర్సమ్మ జాకెట్‌కు చేతులు మాత్రము సాయంత్రమునకు గాని పడలేదు.